బటన్ ఫోన్‌కు రోజుకు ఒకటిన్నర జీబీ ఎందుకు?

ఇప్పుడే అవ్వతో, అంటే మా అమ్మతో, మాట్లాడి ఫోన్ పెట్టేశాను. కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నా.

పొద్దున అవ్వ సిరిసిల్లలో రీచార్జ్ షాపుకు పోయి, "బిడ్డా, దుబాయ్‌ల నా కొడుకుతోని మాట్లాడాలె, దానికి ఏది వెయ్యాలెనో అది వెయ్యి" అని డబ్బులు చేతిలో పెట్టింది. ఆ పిల్లగాడు తల కూడా ఎత్తకుండా "అన్‌లిమిటెడ్ వేసిన అవ్వా, ఎంతసేపన్న మాట్లాడుకో" అన్నాడట. ఇంటికొచ్చి అన్నకు కలిపితే పోదు. మళ్లీ కలిపినా పోదు. ఏదో భాషలో ఎవరో ఏదో చెప్పి కట్ చేస్తారు. పెద్దకొడుక్కి ఏమైందోనని పొద్దంతా అన్నం ముట్టలేదు ఆమె.

అన్నకు ఏమీ కాలేదు. డ్యూటీలో ఉన్నాడు. ఆ షాపతను వేసింది రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న 28 రోజుల ప్లాన్. అవ్వది బటన్ ఫోన్! అందులో ఇంటర్నెట్ ఎక్కడుంది? అన్‌లిమిటెడ్ అంటే మన దేశం లోపలి కాల్స్ వరకే. దుబాయ్‌కి చేయాలంటే విడిగా ఐఎస్‌డీ ప్యాక్ వేసుకోవాలి, లేదా మెయిన్ బ్యాలెన్స్ ఉండాలి. దుబాయ్ అని పేరు పెట్టి అడిగిన మనిషికి ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?

బ్యాలెన్స్ వేసుకుందామన్నా పది రూపాయల టాప్-అప్‌కు చేతికొచ్చేది 7 రూపాయల 47 పైసలు. ఐఎస్‌డీ ప్యాక్‌ల సంగతి ఇంకా అన్యాయం. కొన్ని నిమిషాలు ఇస్తాయి, కొన్ని రేటు మాత్రమే తగ్గిస్తాయి. రేటు తగ్గించే ప్యాక్ వేసుకున్నాక కూడా మాట్లాడిన ప్రతి నిమిషానికి బ్యాలెన్స్ కోసుకుంటారు. ఒక దేశానికి ఒక ప్యాక్, ఇంకో దేశానికి ఇంకోటి. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌కు వేసింది సౌదీకి పనికొస్తుందో లేదో చదువుకున్న నాకే ప్రతిసారీ కింద ఉన్న చిన్న అక్షరాలు వెతికితే గానీ తెలియదు. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి ఇవన్నీ చదివి, పోల్చుకుని, చవకైనది ఎంచుకోవాలా?

ఈ మాట ఎక్కడ ఎత్తినా ఒక సలహా తయారుగా ఉంటుంది. "ఇంకా ఐఎస్‌డీ ఏంది, వాట్సాప్ కాల్ చేసుకోండి, ఫ్రీ కదా." అమెరికాలో పిల్లలున్న మా చుట్టాలు ప్రతి పెళ్లిలో ఇదే చెబుతారు. మీ పిల్లలున్నది అమెరికాలో. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పోదు, అక్కడ దాన్ని ఆపేసి ఉంచారు. అక్కడి సర్కారు ఒప్పుకున్న బోటిమ్ లాంటి యాప్‌లతోనే మాట్లాడాలి. దానికి ఇక్కడ కూడా స్మార్ట్‌ఫోన్ ఉండాలి, అది నడపడం రావాలి. మా అన్న డ్యూటీ దిగి, క్యాంపులో వంట చేసుకుని, స్నానం చేసేసరికి అక్కడ తొమ్మిది. అంటే ఇక్కడ పదిన్నర. అవ్వకు కళ్లు సరిగ్గా కనిపించవు. ఆ టైంలో ఆమె యాప్ తెరిచి, వీడియో పెట్టుకుని మాట్లాడాలా? ఆకుపచ్చ బటన్ నొక్కితే కొడుకు గొంతు వినపడాలి. ఆమె అడుగుతున్నది ఇంతే. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్, ఆర్మూర్, ఏ ఊరికి పోయినా ఇట్లాంటి తల్లులే ఉన్నారు. గల్ఫ్ నుంచి వచ్చే పైసలు అందరికీ కావాలి, ఆ పైసలు పంపే కొడుకుతో మాట్లాడే దారి మాత్రం ఎవరికీ పట్టదు.

డేటా లేని ప్లాన్లు లేవా అంటే ఉన్నాయి. మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే కావాలనుకునేవాళ్లకు విడిగా ప్లాన్లు పెట్టాల్సిందేనని 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఏడాది వరకు వ్యాలిడిటీ ఇవ్వొచ్చని కూడా చెప్పింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలన్నీ పెట్టాయి. మరి షాపులో ఎందుకు చెప్పరు? పోయినసారి నేనే అడిగితే "అట్లాంటివి రావు సార్" అని నా ముఖం మీదే అన్నాడు. నా ఫోన్‌లో తెరిచి చూపించాక వేశాడు. నేను హన్మకొండలో ఉంటా, ప్రతిసారీ పక్కన నిలబడి చూపించలేను కదా.

ఈ 28 రోజుల లెక్క తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అవ్వకు బీడీ కార్మికుల పెన్షన్ 2,016 రూపాయలు వచ్చేది నెలకు ఒకసారి. రీచార్జ్ అయిపోయేది 28 రోజులకు. అంటే ఏడాదికి 12 పెన్షన్లు, 13 రీచార్జ్‌లు. ఆ పదమూడోది ఎవరిస్తారు? 30 రోజుల ప్లాన్ ఒక్కటైనా ఉండాలని 2022లో ట్రాయ్ చెబితే గానీ నెలకు ఎన్ని రోజులో వీళ్లకు గుర్తు రాలేదు. ఆ ప్లాన్ కూడా అడిగితేనే బయటికొస్తుంది.

మా బాపు, అంటే నాన్న, మహారాష్ట్రలోని భివండిలో సాంచల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు. అప్పుడు మాకు ఎస్టీడీ బూతే దిక్కు. రాత్రి 11 దాటితే పావు రేటు. అందుకే మమ్మల్ని నిద్ర లేపి మరీ బూతుకు తీసుకుపోయేది అవ్వ. లైన్లో సగం వాడకట్టు నిలబడి ఉండేది. ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే, ఎంతయిందో చూస్తూ మాట్లాడి, చాలనుకున్నప్పుడు పెట్టేసేవాళ్లం. ఖరీదే, కాదనను. కానీ రేటు బోర్డు మీద ఉండేది, బిల్లు కాగితం చేతికొచ్చేది. చదువురాని అవ్వకు కూడా ఎంత పోయిందో, ఎందుకు పోయిందో తెలిసేది. 2006లో దేశమంతా నిమిషానికి రూపాయి అని ప్రభుత్వ కంపెనీల ప్లాన్ వచ్చిన రోజు బాపు ఎంత సంబరపడ్డాడో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సంబరంలోనే ఆయన ఒక ప్రైవేటు కంపెనీ లైఫ్‌టైమ్ సిమ్ కొన్నాడు. 999 రూపాయలు! పండుగకు తను బట్టలు కుట్టించుకోకుండా కొన్నాడు. బతికినన్నాళ్లు ఇన్‌కమింగ్ వస్తుంది, ఇంకేం కట్టక్కర్లేదని అవ్వ చేతికిచ్చాడు. 2018 చివర్లో ఏమైంది? నెలకు కనీసం 35 రూపాయలు వేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామని మెసేజ్‌లు పంపారు. ఇంగ్లిష్‌లో. అవ్వకు ఎట్లా తెలుస్తుంది? ఒకరోజు ఫోన్ మూగబోయింది. దుబాయ్ నుంచి అన్న చేస్తే కలవడం లేదు, ఇక్కడ అవ్వేమో కొడుకు మరిచిపోయాడని కుమిలిపోతోంది. చివరికి అన్న పక్కింటివాళ్లకు చేస్తే విషయం తెలిసింది. బాపు అప్పటికి లేడు. ఆయన పైసలు తీసుకుని ఇచ్చిన మాట అది. అడిగితే కస్టమర్ కేర్ వాళ్లు పాలసీ మారింది సార్ అన్నారు. ఇవాళ షాపులో జరిగింది చూస్తే నాకు మళ్లీ ఆ సిమ్మే గుర్తొస్తోంది.

కంపెనీలో ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. ప్రతి రీచార్జ్ షాపులో గల్ఫ్ దేశాలకు నిమిషానికి ఎంతో, డేటా లేని ప్లాన్ ఎంతో పెద్ద అక్షరాలతో తెలుగులో గోడ మీద రాయించండి. మీ హీరోల ఫొటోలు అంటించడానికి గోడ దొరుకుతుంది కదా, దీనికీ దొరుకుతుంది.

మన ఊళ్లవాళ్లకు ఒక మాట. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఒకసారి తీసి ఏ ప్లాన్ నడుస్తోందో చూడండి. బటన్ ఫోన్‌లో డేటా ప్లాన్ ఉంటే ఈసారి "డేటా వద్దు, మాటలది వెయ్యి" అని చెప్పించండి. గల్ఫ్‌కు చేసే ఇల్లయితే ఆ దేశం పేరు చెప్పి, నిమిషాల ప్యాకా, రేటు ప్యాకా అని అడిగాకే డబ్బులివ్వమనండి. లేదంటే కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబర్ రాసుకోండి. నేను ఇవాళే పెట్టాను.