"ఒక మనిషి తోడుంటే చాలు" అంటారు. ఆ మనిషి ఎవరు?

మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కుట్టు లేదు, నొప్పి లేదు, మర్నాడు కట్టు విప్పేశారు. ఈ ఆపరేషన్ ఇంత సులువైనందుకు నిజంగా సంతోషమే. కానీ ఆసుపత్రి నుంచి బయటికొచ్చేటప్పుడు అక్కడి అమ్మాయి అన్న ఒక్క మాట ఆరు వారాలుగా నన్ను వదలడం లేదు. "ఇంటి దగ్గర ఎవరైనా ఒక మనిషి తోడుంటే చాలమ్మా" అంది.

అమ్మ ఉండేది సఖినేటిపల్లి మండలంలో ఒక ఊళ్ళో. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. మా వీధిలో సగం ఇళ్ళు ఇంతే. పెంకుటిల్లు, అరుగు, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, లోపల ఒక్క ముసలి ప్రాణం. కోనసీమలో ఆ "ఒక మనిషి" ఎవరింట్లోనూ ఖాళీగా కూర్చుని లేదు.

అమ్మ నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. పేరు నరసాపురం లేసే అయినా అల్లేది గోదావరి రేవుకి రెండు వైపులా ఉన్న ఆడవాళ్ళు. కన్ను మసకబారిందని తెలిసింది కూడా దాని వల్లే. పూలు తప్పాయని ఏజెంటు రెండుసార్లు ముక్కలు వెనక్కి పంపాడు. ఎండల్లో ఆపరేషన్ వద్దని అమ్మ పట్టుబట్టింది. ఈ రోజుల్లో కాలంతో పనిలేదని డాక్టరుగారు చెప్పినా వినలేదు. చలికాలం దాకా ఆగి ధనుర్మాసంలో చేయించాం. తీరా చూస్తే వంగకూడని రోజుల్లోనే ముగ్గులు, పొగ, దుమ్ము పడకూడని రోజుల్లోనే సార్వా నూర్పిళ్ళు. తిరుగు ప్రయాణంలో గోదావరి దాటించే పంటు మీద గాలి కొడుతుంటే, నల్ల కళ్ళద్దాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది పాపం.

ఇంటికొచ్చాక మందుల చీటీ విప్పాను. అంతా ఇంగ్లీషులోనే ఉంది. స్టెరాయిడ్ చుక్కలు మొదటి వారం రోజుకి ఆరుసార్లు, రెండో వారం ఐదు, అలా తగ్గించుకుంటూ ఆరో వారానికి ఒకసారి. లెక్క వేస్తే 147 సార్లు. యాంటీబయాటిక్ రోజుకి నాలుగుసార్లు చొప్పున వారం, అంటే ఇంకో 28. మొత్తం 175 సార్లు ఎవరో ఒకరు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, అమ్మని పడుకోబెట్టి, కింది రెప్పని వేలితో కిందికి లాగి, సీసా మూతి కంటికీ రెప్పకీ తగలకుండా ఒక్క చుక్క వెయ్యాలి. వేశాక ముక్కు పక్కన కంటి మూలని ఒక నిమిషం మెల్లగా నొక్కిపట్టాలి. రెండో మందుకి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే మొదటిది కారిపోయి రెండోదే మిగులుతుంది. అమ్మ చెయ్యి వణుకుతుంది, రెండో కంట్లోనూ పొర ఉంది. సొంతంగా వేసుకోవడం జరిగే పని కాదు. ఇదంతా అక్కడ నాకు చెప్పింది రెండు నిమిషాల్లో, అదీ బిల్లు కడుతూ నిలబడి ఉండగా. చుక్కలు వేసే మనిషి చేత నర్సు ఎదురుగా ఒక్కసారి వేయించి చూస్తే ఏం పోయింది? చీటీ తెలుగులో రాస్తే ఎంత ఖర్చు?

నేను సెలవు పెట్టి పది రోజులున్నాను. నేనున్నప్పుడే నాలుగో రోజున ఒకటి జరిగింది. పాలవాడితో మాట్లాడి లోపలికి వచ్చేసరికి అమ్మ మంచం మీద తల వెనక్కి వాల్చుకుని ఉంది, చేతిలో చుక్కల సీసా. "నువ్వు పనిలో ఉన్నావు కదే, నేనే వేసుకుందామని" అంది. అది ఈ మందు కాదు. ఎప్పుడో కళ్ళు ఎర్రబడితే మందుల షాపులో కొన్నది, మూత తీసి ఏడాది దాటినది, అలమరలో ఉండిపోయింది. చుక్కల మందు తెరిచిన నెల తర్వాత పారెయ్యాలి. అందులో పెరిగే క్రిములు కొత్తగా కోసిన కంట్లో పడితే ఏమవుతుందో డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ ఇన్ఫెక్షన్ అరుదే, కానీ పట్టుకుంటే చూపు పోవడానికి ఒకటి రెండు రోజులు చాలు. నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దన్నారు. ఆ సీసా లాక్కున్నాక నా కాళ్ళలో వణుకు చాలాసేపు తగ్గలేదు.

ఆ సాయంత్రం అమ్మే ఒక ఉపాయం చెప్పింది. లేసు దారం తెచ్చి, పాలనీళ్ళలా తెల్లగా ఉండే సీసాకి రెండు ముడులు వేయించింది, నీళ్ళలా ఉండేదానికి ఒకటి. తెల్లది అడుగున పేరుకుంటుంది కాబట్టి బాగా ఊపి వెయ్యాలి. "రెండు ముళ్ళది ఊపాలి" అని పెట్టుకున్నాం. నలభై ఏళ్ళు దారంతో బతికిన వేళ్ళు, చూడకుండానే తెలిసిపోతుంది.

చూడ్డానికొచ్చిన వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ప్రేమతోనే వస్తారు, కాదనను. ఒక పెద్దమ్మ నందివర్ధనం పూలు కోసుకొచ్చి కంటి మీద పెట్టమంది, చలవ చేస్తుందట. ఇంకొకరు పప్పు తింటే కంట్లో చీము పడుతుందన్నారు, చేపలు అసలొద్దన్నారు. అమ్మ వాళ్ళ మాట విని మూడు రోజులు చారన్నం తింది. డాక్టరుగారు పెట్టిన పథ్యం ఏమీ లేదు, షుగరు మాత్ర మానొద్దు అన్నారంతే. పూలూ ఆముదమూ ఆపరేషన్ అయిన కంటి దరిదాపులకి రాకూడదు. పెద్దవాళ్ళని నొప్పించకుండా ఇది చెప్పడం చుక్కలు వెయ్యడం కంటే కష్టమైంది నాకు.

పదకొండో రోజు నుంచి ఎవరు? తమ్ముడు అడగ్గానే డబ్బు పంపాడు, వాడి మీద కోపం లేదు. కానీ "పక్కింటివాళ్ళు చూసుకుంటార్లే అక్కా" అన్న మాట మీద మాత్రం నాకు చాలా కోపం. పక్కింటావిడకి ముప్పై ఏళ్ళు. ఇద్దరు బడిపిల్లలు, భర్త రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. ఆమె కూడా లేసే అల్లుతుంది. "ఇంట్లోనే ఉంటుంది కదా" అంటారు ఆమె గురించి. రోజుకి ఐదుసార్లు అంటే ప్రతి మూడు గంటలకీ లేచి రావాలి. పొద్దున్న ఏడు, పది, ఒంటిగంట, నాలుగు, రాత్రి ఏడు. మధ్యలో నరసాపురం వెళ్ళలేదు, డ్వాక్రా మీటింగులో స్థిమితంగా కూర్చోలేదు, లేసు ముక్క గడువుకి ఇవ్వలేదు.

మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ నరసాపురం లేసు ఆడవాళ్ళ మీదే 1982లో పుస్తకం రాశారు. గంటల తరబడి అల్లి పైదేశాలకి సరుకు పంపుతున్నా, అది తీరిక వేళ కాలక్షేపమనీ వీళ్ళు ఇంట్లో ఊరికే కూర్చునే ఆడవాళ్ళనీ లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువని ఆవిడ చెప్పారు. మంచం పక్కన చేసే సేవని కూడా మనం అలాగే లెక్కగడుతున్నాం. కూతురు చేస్తే బాధ్యత, కోడలు చేస్తే ధర్మం, పక్కింటామె చేస్తే మంచితనం. పని అని మాత్రం ఎవరూ అనరు.

డబ్బు మాట ఎత్తితే పక్కింటావిడ నొచ్చుకుంది. "అయ్యో, పిన్నిగారికి రెండు చుక్కలేస్తే డబ్బులేంటక్కా" అంది. నేను వదల్లేదు. లేసు మీద నెలకి ఎంతొస్తుందో అడిగి, దానికి తక్కువ కాకుండా చూసి, ముందే చేతిలో పెట్టాను. నా ఎదురుగా రెండు రోజులు తనే చుక్కలు వేసింది. ఒకసారి సీసా మూతి రెప్పకి తగిలితే తనే గమనించి చెప్పింది. రాత్రి పడుకునే ముందు కంటికి ప్లాస్టిక్ మూత పెట్టి ప్లాస్టర్ అతికించడం, తలస్నానం చేయించకుండా ఒంటికి మాత్రమే నీళ్ళు పొయ్యడం, అమ్మ బిందె ఎత్తబోతే ఆపడం, అన్నీ తనే చూసుకుంది. గోడకి కట్టిన క్యాలెండర్ మీద వేసిన ప్రతిసారీ ఒక గీత గీసింది. నేను వీడియో కాల్ చేస్తే ముందు ఆ గీతలు చూపించేది. ఆమెకి నేనిచ్చింది సాయం కాదు, కూలి. ఆ రెండు మాటలకి ఉన్న తేడా తమ్ముడికి చెప్పడానికి గంటసేపు పట్టింది నాకు.

అందుకే కళ్ళ ఆపరేషన్‌కి తేదీ అడిగే ప్రతి కొడుక్కీ కూతురికీ చెప్తున్నాను. తేదీ కంటే ముందు చుక్కలు వేసే మనిషిని అడగండి. ఆరు వారాలూ వీలవుతుందా అని అడగండి, ఆమె పనికి ఎంత నష్టమో అడగండి. ఆసుపత్రికి ఆమెని కూడా తీసుకెళ్ళండి, దారి ఖర్చులు మీవే.

నిన్న అమ్మకి ఫోన్ చేశాను. మొదటి కంటికి అద్దాల నంబరు ఇచ్చారు, రెండో కంటికి ఎప్పుడు రమ్మంటారని అడిగాను. "ఇంకా అడగలేదే. అంతర్వేది తీర్థానికి పక్కమ్మాయి వాళ్ళింటికి చుట్టాలొస్తారట. వాళ్ళు వెళ్ళాక ఏ వారం వీలో చెప్తానంది, అది విని ఆసుపత్రికి ఫోన్ చేద్దాం" అంది.