ముక్కు ఎక్కడుందో తెలియని పెద్దమనుషులు

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పెద్దవాళ్ళకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఎవరి ముక్కు ఎక్కడుందో వాళ్ళకు తెలియడం లేదు.

ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు, మా ఇంటి ఏలినవారు. వారి వయసు రెండేళ్ళ ఎనిమిది నెలలు. మా గడప తొక్కిన ప్రతి పెద్దమనిషీ చెప్పులు విప్పీ విప్పకముందే వారి ముందు గొంతుకూర్చుని, "ముక్కేది నాన్నా? ముక్కు చూపించు" అని బతిమాలడం వారు ఏడాదిగా చూస్తున్నారు. పాలవాడు అడిగాడు. కరెంటు బిల్లు ఇచ్చే అబ్బాయి అడిగాడు. ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చిన మా వియ్యంకుడు, తహసీల్దారుగా చేసి దిగినవాడు, ఒక్క పూటలో మూడుసార్లు అడిగాడు. మొదట్లో ఏలినవారు దయతలచి తమ ముక్కు చూపించేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఇంతమంది ఇన్నిసార్లు అడుగుతున్నారంటే పాపం వీళ్ళకు నిజంగానే తెలియదని తీర్మానించుకుని, ఇప్పుడు అడిగినవాళ్ళ ముక్కునే వేలితో నొక్కి చూపిస్తున్నారు. ఒక్కోసారి వేలు లోపలికి కూడా వెళుతుంది. ఉపకారం చేసేటప్పుడు కొలతలు చూసుకోలేం కదా.

ఇది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

రెండు నెలల కిందట ఏలినవారిని ఒక ప్లే స్కూలుకు తీసుకువెళ్ళాం. పేరు చెప్పను. గోడ మీద టై కట్టుకున్న కుందేలు ఒకటి నవ్వుతూ ఉంటుంది. ఆ కుందేలు లేని ఊరు ఇప్పుడు ఎక్కడుంది గనక. లోపలికి వెళ్ళగానే ఇంటర్వ్యూ అన్నారు. ఎవరికి అని అడిగాను. పిల్లవాడికి అన్నారు. ఏ ఉద్యోగానికి అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది గానీ, కోడలు చూసిన చూపుకు మింగేశాను.

ఆ ఇంటర్వ్యూకు ఏలినవారు తెల్లవారి ఆరింటి నుంచి సిద్ధమయ్యారు. చొక్కా ఎవరూ తొడగకూడదు. "నేనే" అన్నారు. తల చేతిలోంచి బయటికి రాదని ఋజువు కావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎడమకాలి బూటు కుడికాలికి తొడిగి, మార్చబోయిన తండ్రి మీద వీధి చివరి మందుల కొట్టుదాకా వినిపించేటంత నిరసన ప్రకటించి, ఆ బూట్లతోనే బాతులా నడుచుకుంటూ పరీక్ష గదిలోకి ప్రవేశించారు. జేబులో సగం కొరికిన బిస్కెట్టు. చేతిలో ఇంట్లో నుంచి తెచ్చుకున్న చీపురుపుల్ల. అంతకంటే గంభీరంగా కొలువుకు వచ్చిన ప్రభువును ఈ ఊరు చూసి చాలా కాలమై ఉంటుంది.

మేడమ్ మొదట ఆపిల్ బొమ్మ చూపించింది. ఏలినవారు అట్ట అందుకుని వాసన చూశారు, వెనక్కి తిప్పి చూశారు, ఒక మూల కొరికి చూశారు. కాగితమని తేలాక మోసగత్తెను చూసినట్టు ఆమె వంక చూశారు. రెండోది ఆవు బొమ్మ. "అంబా" అన్నారు. మేడమ్ పెదవి విరిచింది. ఈవిడకు తెలుగు రాదు కాబోలునని వెంటనే "గాఈ" అని ఒడియాలోకి మార్చారు. అవతలి మనిషి ముఖం చూసి భాష మార్చే ఆ మర్యాద మా ఊళ్ళో చాలా ఆఫీసుల్లో దొరకదు. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. ఆవుకు ఆమె కోరిన మూడో పేరు ఏలినవారి నోటి నుంచి రాలేదు. వారికి తెలిసిన ఆవులేవీ ఆ పేరుకు పలకవు.

తరువాత ఒక బంతి ఇచ్చి, ఆడుకోనిచ్చి, తిరిగి ఇమ్మని చెయ్యి చాపింది.

"నా!" అన్నారు ఏలినవారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఒక్క అక్షరం మీద మా ఇంట్లో ఏడాదిగా పరిశోధన జరుగుతోంది. తెలుగులో "నా" అంటే నాది. ఒడియాలో "నా" అంటే వద్దు, కాదు, కుదరదు. రెండున్నరేళ్ళ మనిషికి లోకంలో చెప్పవలసిన సంగతులు మొత్తం రెండే: ఇది నాది, నేను ఒప్పుకోను. రెంటినీ ఒకే అక్షరంలో సర్దుకునే అదృష్టం సరిహద్దులో పుట్టినవాడికి తప్ప ఎవరికి దక్కుతుంది? మా ఆవిడ అరటిపండు అడిగితే "నా" అంటారు. ఆమెకు ఆస్తి హక్కు వినిపిస్తుంది. పక్కింటి మావుసి, అంటే ఒడియా పిన్నిగారు, అదే పండు అడిగితే అదే "నా". ఆమెకు తిరస్కారం వినిపిస్తుంది. ఇద్దరికీ పండు దక్కదు, ఇద్దరూ సరిగ్గానే అర్థం చేసుకున్నారు. ఇందులో గందరగోళం ఎక్కడుందో నాకు ఎవరైనా చెప్పాలి.

"చాల" అనేది ఇంకా గడుసు మాట. నోట్లో నాలుగో ముద్ద పడగానే "చాల" అంటారు. చాలునని ముద్దుగా చెప్పారనుకుని నాయనమ్మ చెయ్యి ఆపుతుంది. ఒడియాలో "చాల" అంటే పద, వెళదాం. అది విన్న మావుసి చంకనెత్తుకుని వీధిలోకి తీసుకుపోతుంది. ఒక్క మాటతో భోజనమూ తప్పింది, షికారూ దొరికింది. రాయబారులకు జీతాలిచ్చి నేర్పించే విద్య ఇది.

మేడమ్ మాత్రం "నా" విని మళ్ళీ కాగితం అందుకుంది. చివరి ప్రశ్నగా, నేను భయపడుతున్నదే జరిగింది. కుర్చీలో ముందుకు వంగి, తియ్యని గొంతుతో, ముక్కు ఎక్కడుందని ఇంగ్లీషులో అడిగింది.

ఏలినవారి ముఖంలో జాలి నిండింది. ఇంత చదువుకున్న మనిషికి కూడానా అన్నట్టు నా వంక ఒకసారి చూశారు. చీపురుపుల్ల జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. కుర్చీ ఎక్కారు. ఎడమచేత్తో మేడమ్ చెవి పట్టుకుని తల నిలకడ చేసుకుని, కుడిచేతి వేలితో ఆమెకు ముక్కు చూపించారు. లోపలి నుంచి చూపించారు. కళ్ళజోడు కింద పడింది. మేడమ్ తుమ్మింది. వైద్యం పనిచేసిందని ఏలినవారు చప్పట్లు కొట్టారు, మమ్మల్నీ కొట్టమన్నారు. నేను కొట్టాను. కోడలు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

వారం తరువాత ఫలితం వచ్చింది. పిల్లవాడు భాషల విషయంలో గందరగోళంలో ఉన్నాడట. ఇంట్లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలట, ముఖ్యంగా తాత, నాయనమ్మలు. మూడు నెలల తరువాత మళ్ళీ తీసుకురావాలట.

చదువుకున్నవాణ్ణి గనక చట్టం తిరగేశాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశం కోసం బిడ్డను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షించకూడదు. పరీక్షిస్తే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా, ఆపైన ప్రతిసారీ 50,000. ఎగిరి గంతేశాను. ఆ తరువాత 2వ సెక్షన్ కనబడింది. ఈ చట్టంలో బిడ్డ అంటే ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ మధ్యవాడు. అంటే చట్టం దృష్టిలో మా వాడింకా బిడ్డ కాడు. అభ్యర్థి.

చట్టం చెయ్యిచ్చింది, శాస్త్రాన్ని ఆశ్రయించాను. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు 1984లో ఒక పరిశోధన ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసివాళ్ళకు హిందీలోని "త", "ట" ధ్వనులు వినిపిస్తే, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా ఇట్టే పట్టారు. ఏడాది నిండవచ్చేసరికి ఆ తేడా వాళ్ళ చెవికి అందడం దాదాపు మానేసింది, ఇంట్లో ఎవరూ అలా పలకరు గనక. ఈ సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. నా ఉద్యోగం, నా హోదా మొత్తం ఆ ఒక్క తేడా మీద ఆధారపడి ఉంది. "త" పోయి "ట" మిగిలిందంటే నేను "తాత" కాను, "టాటా" అవుతాను. మనవడు నన్ను పిలుస్తున్నాడో సాగనంపుతున్నాడో ఎలా తెలుసుకోను?

అయినా ఆజ్ఞ ఆజ్ఞే. ఇంట్లో ఇంగ్లీషు మొదలైంది. మా అబ్బాయి స్నానాల గది బయట నిలబడి, సబ్బు కళ్ళలో పడిన పిల్లవాడికి ఇంగ్లీషులో ధైర్యం చెప్పాడు. బ్యాంకులో అప్పు మంజూరు చేస్తున్నట్టు ఉంది. రాత్రి మేడ మీదికి తీసుకెళితే ఏలినవారు ఆకాశం వంక వేలు పెట్టి "మామ" అన్నారు. తెలుగులో చందమామ. ఒడియాలో జన్హ మాము. ఏటికి ఇవతలా అవతలా ఆయన మేనమామే. ఇంగ్లీషులో ఏమవుతాడని ఆలోచించాను. ఏమీ కాడు. దారిన పోయే దీపం.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. ఇక నవ్వు రావడం లేదు.

మా ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు రాదు. తన మాట వల్ల మనవడి భవిష్యత్తు పాడవుతుందని ఆ కాగితంలో రాశారని విన్నాక, ఆమె వాడితో మాట్లాడటం మానేసింది. మూడు రోజులు. లాల పోసింది, మాట లేదు. బువ్వ కలిపింది, మాట లేదు, చెంచా చూపించి ఊరుకుంది. కాకీ రాలేదు, పిచ్చుకా రాలేదు, ముద్దల మధ్యలో రాజుగారి ఏడుగురు కొడుకులూ వేటకు వెళ్ళలేదు. వాడు మొదట ఆటనుకున్నాడు. తరువాత ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. తలనొప్పి మందు డబ్బా వెతికి తెచ్చి ఒళ్ళో పెట్టాడు. రెండు చేతులతో ఆమె పెదవులు విడదీసి, మాటలు ఎక్కడికి పోయాయోనని లోపలికి తొంగిచూశాడు. ఆఖరికి ఇక వేరే దారి తోచక, తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేశాడు. ఆమె ముక్కు మీద వేలు పెట్టి, "ముక్కు" అని చెప్పాడు. నాయనమ్మకు కూడా మరుపు వచ్చిందనుకుని.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎవరమ్మా మీరు? అరగంట చూసి, కాగితం మీద రెండు వాక్యాలు గీకి, అరవై రెండేళ్ళ మనిషి నోటికి తాళం వేయడానికి మీకు ఎవరు అధికారమిచ్చారు? రెండు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలు భాషలను ఎంతో వేగంగా పట్టుకుంటారని, పలు భాషలు మెదడుకు మేలని 2020 నాటి జాతీయ విద్యావిధానంలోనే రాసి ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడమని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. మీరు చదవలేదు సరే. మా వీధి మీకు అడ్డం వచ్చిందా? ఇక్కడ కూరగాయల బండి ముందు నిలబడితే పావుగంటలో రెండు భాషలు వినిపిస్తాయి, సంతరోజు సవర కూడా కలుస్తుంది, ఎవరికీ గందరగోళం పుట్టి వంకాయకు బదులు బెండకాయ కొనుక్కుపోయిన దాఖలా లేదు. ఇది తెలుగు, ఒడియాల తగాదా అనుకునేవారు ఒక మాట వినాలి. ఒడిశాలో ఉంటూ ఒడియా మాట్లాడినందుకు మావుసి మనవరాలికీ అచ్చంగా ఇదే కాగితం ఇచ్చారు.

ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులు రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. జనం నోట్లో మెలిగే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పండితులతో కలబడ్డారు. సవర భాష నేర్చుకుని, సొంత డబ్బు పోసి బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రలో, ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవమని దండలు వేసి, మైకులు పెట్టి జరుపుకుంటారు. ఇవతల, ఆయన నడిచిన ఊళ్ళో, ఒక నాయనమ్మ "బువ్వ" అనడానికి ముందు చుట్టూ చూసుకుంటోంది. సిగ్గు ఎవరు పడాలి?

నాలుగో రోజు పొద్దున్న నేనే ఆ కాగితం తీసుకెళ్ళి వంటింట్లో పప్పు డబ్బా కింద పరిచాను. సరిగ్గా సరిపోయింది. ఆ పూట రాజుగారి కొడుకులు ఏడుగురూ వేటకు వెళ్ళారు. ఏడో చేప ఎండకపోవడం దగ్గర ఏలినవారు "చాల" అన్నారు. నాయనమ్మ చెయ్యి ఆపలేదు. ఇన్నాళ్ళకు ఆ మాటకు ఆమె మూడో అర్థం కనిపెట్టినట్టుంది.

మూడు నెలల గడువు వచ్చే నెలతో తీరుతుంది. కొడుకూ కోడలూ మళ్ళీ తీసుకెళ్ళాలనే అంటున్నారు, నేను వద్దనే అంటున్నాను, తగువు నడుస్తోంది. ఏలినవారు మాత్రం తమ పద్ధతిలో సిద్ధమవుతున్నారు. నిన్న సాయంత్రం వీధి అరుగు మీద మావుసి వాళ్ళ పిల్లికి ఇంటర్వ్యూ పెట్టారు. చీపురుపుల్ల పట్టుకుని ఎదురుగా గొంతుకూర్చుని, "బిలేయీ, ముక్కేది?" అని అడిగారు. పిల్లి ఒడియాదని గుర్తుంచుకుని సగం, తనకోసం సగం. అది కళ్ళు మూసుకుంది. మళ్ళీ అడిగారు. అది లేచి ఒళ్ళు విరుచుకుని గోడ దూకి పోయింది.

ఏలినవారు చీపురుపుల్లతో గాలిలో ఏదో రాసుకున్నారు. నా వైపు తిరిగి, తల అడ్డంగా ఊపి, "నా" అన్నారు.