లామినేట్ స్టాక్ అంటే ప్లైవుడ్డేనా?

నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో రైఫిల్ స్టాక్ గురించి, అంటే ఇనుప భాగాన్ని పట్టి ఉంచి భుజానికి ఆనే చెక్క భాగం గురించి, ఒక సందేశం తెగ తిరుగుతోంది. పలచటి చెక్క పొరలు అతికించి చేసేదే లామినేట్ స్టాక్. సారాంశం ఇదీ: "వేట రైఫిల్‌కి లామినేట్ స్టాక్ చేయించుకోవడం దండగ. అది రంగులేసిన ప్లైవుడ్డే. బరువు. మన సముద్రపు గాలికి జిగురు వదిలేస్తుంది. దాని బదులు ఎర్రచందనం తెచ్చి ఉదయగిరి పనివాళ్లతో చెక్కించుకోండి. కలప మంచిదైతే బెడ్డింగూ అక్కర్లేదు, పైన పాలిష్ కొడితే చాలు." అమెరికాలో వేటకి పోయే మనవాళ్లు కూడా దీన్ని నమ్మి ఫార్వర్డ్ చేస్తున్నారు. ఇక్కడేమో తాతల కాలం నాటి లైసెన్స్ రైఫిల్ ఉన్నవాళ్లు. (పేరుకే వేట రైఫిల్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేటెక్కడిది!)

ముందు ప్లైవుడ్ సంగతి. ప్లైవుడ్‌లో ఒక పొర నిలువుగా వేస్తే దాని మీది పొర అడ్డంగా వేస్తారు. మంచాలకీ, అల్మరాలకీ అది బాగు. స్టాక్‌లో సన్నగా ఉండేది ట్రిగర్ వెనక, చేత్తో పట్టుకునే మెడ దగ్గర. విరిగితే అక్కడే విరుగుతుంది. అక్కడ సగం పొరలు అడ్డంగా ఉంటే బలమెక్కడిది? లామినేట్ దిమ్మెలో పొరలన్నీ పొడుగు వాటంగానే పోతాయి. మామూలుగా బర్చ్ చెక్క, పొర మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. అంటే 5 సెంటీమీటర్ల దిమ్మెలో ముప్పై పైచిలుకు పొరలు. ఒక్కో పొరకీ రంగు పట్టించాకే అతికిస్తారు కాబట్టి చెక్కేకొద్దీ లోపలి రంగుల చారలు బయటపడతాయి. పైన పులిమిన రంగు కాదది.

జిగురు మాట సగమే నిజం. బజార్లో దొరికే తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది, ఒప్పుకుంటా. కానీ ఈ దిమ్మెల్ని అతికించేది నీటికి లొంగని రెజిన్‌తో, ప్రెస్సులో గట్టిగా అదిమి. అసలు గాలిలో తేమ ఉన్నచోటే దీని అవసరం ఎక్కువ. కార్తీకం వానలకి మన వాకిలి తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది, రోహిణి కార్తెలో అదే తలుపుకి సందు పడుతుంది. ఒంటి చెక్క స్టాకూ అంతే. ముందు భాగం ఉబ్బి, మెలి తిరిగి బ్యారెల్‌ని ఒక పక్కకి నెట్టిందంటే, ఎండాకాలంలో సరిచేసుకున్న గురి వానాకాలానికి తప్పుతుంది. పలచటి పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి లామినేట్‌లో ఆ కదలిక బాగా తక్కువ. 1930ల చివర్లో జర్మన్ సైన్యం తన 98కె రైఫిల్‌కి బీచ్ చెక్క లామినేట్ వేయడం మొదలుపెట్టింది. వాన్లో, మంచులో, బురదలో మోయాల్సిన తుపాకీ అది.

బరువు? అవును, బరువే. వాల్‌నట్ స్టాక్ కన్నా మూడు నాలుగు వందల గ్రాములు ఎక్కువ తూగొచ్చు. భుజానికి తన్ను కాస్త తగ్గుతుంది, కొండెక్కేటప్పుడు మోత పెరుగుతుంది. ఎవరిష్టం వాళ్లది.

ఎర్రచందనం సలహా రాసినవాడు వెలిగొండల చుట్టుపక్కల ఎన్ని కేసులున్నాయో ఎరుగడేమో. 1995 నుంచి అంతర్జాతీయ సైటిస్ జాబితాలో (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) ఉన్న కలప అది. కాగితాల్లేని ముక్క ఇంట్లో దొరికినా కేసే. పైగా నీళ్లలో మునిగేంత బరువు. ఇందాక లామినేట్ బరువని తిట్టింది ఈ పెద్దమనిషే గదా!

ఉదయగిరి పనివాళ్ల చేతి నైపుణ్యానికి నేనూ దణ్ణం పెడతా. ఆ చెక్క స్పూన్లకి భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. అయితే ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేనివాడు తుపాకీ మరమ్మతు చేయకూడదు. రైఫిల్ తీసుకెళ్లి వడ్రంగి చేతిలో పెడితే మీతోపాటు ఆయన్నీ ఇరికించినట్టే. పని లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వాలి.

అన్నిటికన్నా చెడ్డ సలహా బెడ్డింగ్ అక్కర్లేదనడం. లామినేట్ అయినా సరే, రైఫిల్ ఇనుప భాగం కూర్చునే గుంట ఎంత బాగా చెక్కినా వెంట్రుకవాసి సందులుంటాయి. పేల్చిన ప్రతిసారీ ఇనుము ఆ సందుల్లో కదులుతుంది. అందుకే ఎపాక్సీ జిగురు పోసి, ఇనుము అచ్చు దిగేలా గట్టిపడనిస్తారు. బెడ్డింగ్ అంటే ఇదే. స్క్రూలు చెక్కని నలిపేయకుండా అల్యూమినియం గొట్టాలు దించుతారు. బ్యారెల్ మాత్రం చెక్కకి తగలకూడదు. పది రూపాయల నోటు దాని కింద దూర్చి లాగితే చివరిదాకా ఎక్కడా పట్టకుండా రావాలి.

పాలిష్ విషయానికొస్తే, పైన అద్దంలా మెరిసినా తడి దూరేది కోసిన చివరల్లోంచి: లోపలి గుంట, స్క్రూ రంధ్రాలు, స్టాక్ మడమకి, అంటే భుజానికి ఆనే చివరకి, బిగించిన రబ్బరు ప్యాడ్ వెనక. లామినేట్‌కీ ఇవన్నీ సీల్ చేయాల్సిందే. కొత్త స్టాక్ చేతికి రాగానే ప్యాడ్ స్క్రూలు రెండూ విప్పి చూడండి. లోపల పచ్చి చెక్క కనిపిస్తే డబ్బు పూర్తిగా ఇవ్వకుండా వెనక్కి పంపండి.