రోడ్డు కోసం కొండను తాకట్టు పెట్టాలా?

పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల్లో నిండు గర్భిణిని డోలీలో మోసుకువస్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ మన రాజకీయ చర్చ ఒకే మలుపు తిరుగుతుంది. మన్యానికి రోడ్లు లేవని మొదట ఒప్పుకుంటారు. రోడ్లు వేయడానికి డబ్బు లేదని తరువాత అంటారు. ఆ డబ్బు ఆ కొండల్లోనే ఉందని, అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌నో కాల్సైట్‌నో తవ్వనిస్తే రోడ్డు, బడి, ఆసుపత్రి వెంట వస్తాయని చివరకు తేలుస్తారు. ఆ గూడేలకు వేల కిలోమీటర్ల దూరంలో కాదు, ఇదే రాష్ట్రానికి మరో కొసన, చిత్తూరులో కూర్చుని ఈ వాదన వింటున్న నాకు అది ఏమాత్రం సమ్మతం కాదు. రోడ్డు పౌరుడికి ప్రభుత్వం బాకీ ఉన్నది. గని ఒక వ్యాపార నిర్ణయం. రెండింటినీ ఒకే బేరంలో కట్టడం అన్యాయం మాత్రమే కాదు, చరిత్ర చూసిన ఎవరికైనా అది అబద్ధమని కూడా తెలుస్తుంది.

పూర్వాపరాలు పాఠకులకు తెలిసినవే. గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల కొండల్లో బాక్సైట్ ఉన్న సంగతి దశాబ్దాలుగా ప్రభుత్వాలకు తెలుసు. 2015 నవంబరులో జెర్రెల, చింతపల్లి ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని తవ్వకాలకు మళ్లిస్తూ జీవో 97 రావడం, గిరిజనులు తిరగబడటం, అది పక్కకు పోవడం, 2019లో రద్దు కావడం మనం చూసినవే. ప్రతిపక్షంలో ఉండగా వద్దన్నవారు అధికారంలోకి వచ్చాక కావాలన్న సందర్భాలు కూడా కొత్తవి కావు. నేను మాట్లాడదలచుకున్నది పార్టీల మాట మార్పిడి గురించి కాదు, అన్ని పార్టీలూ ప్రశ్నించకుండా ఒప్పుకుంటున్న ఒక నమ్మకం గురించి: గని వస్తే దారి వస్తుందన్న నమ్మకం.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి మన్యం దాటి వెళ్లనక్కరలేదు. 1960వ దశకంలో అనంతగిరి కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం దాని ఉద్దేశం. వరసగా సొరంగాలు, లోయల మీద వంతెనలు, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. దేశం దగ్గర డబ్బూ యంత్రాలూ తక్కువగా ఉన్న రోజుల్లో ఆ పని పూర్తి చేశారు. కాబట్టి ఆ కొండల్లో దారి వేయడం అసాధ్యమన్న మాటకు ఆనాడే కాలం చెల్లింది. అయినా అర్ధ శతాబ్దం దాటిన తరువాత కూడా ఆ పట్టాలకు అటూ ఇటూ ఉన్న కొండల్లో డోలీలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ మార్గంలో ఖనిజపు బండ్లే ఎక్కువ; ప్రయాణికుల రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

దీనికి కారణం ఎవరి దుర్మార్గమూ కాదు, ఖనిజ రవాణా స్వభావమే అది. ఖనిజానికి కావలసిన దారి గనిని రేవుతోనో కర్మాగారంతోనో వీలైనంత సూటిగా కలుపుతుంది. మనిషికి కావలసిన దారి గూడెం నుంచి గూడేనికి, అక్కడి నుంచి సంతకు, బడికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వంకరటింకరగా సాగుతుంది. ఈ రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలిస్తే అది యాదృచ్ఛికం. నేటి గనులకైతే దారి కూడా అక్కరలేదు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పంచపట్‌మాలి కొండ మీద తవ్విన బాక్సైట్‌ను ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో 14 కిలోమీటర్లకు పైగా పొడవున్న కన్వేయర్ బెల్టు మీద దామన్‌జోడి శుద్ధి కర్మాగారానికి దింపుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజపు పొడిని నీళ్లతో కలిపి విశాఖ దాకా పంపడానికి 267 కిలోమీటర్ల గొట్టపుమార్గమే ఉంది. బెల్టు మీద బాలింతను పంపలేరు, గొట్టంలో బియ్యం బస్తా ఎక్కించలేరు. ఖనిజం కోసం పెట్టిన పెట్టుబడిని మౌలిక వసతి అని పిలిచే ముందు అది ఎవరిని మోస్తుందో అడగాలి.

ఇక అభివృద్ధి సంగతి. బైలదిల్లాలో తవ్వకాలు 1968లో మొదలయ్యాయి. దేశంలోనే మేలైన ఇనుప ఖనిజం అక్కడిది. ఆ కొండలున్న దంతెవాడ జిల్లాను యాభై ఏళ్ల తరువాత, 2018లో, కేంద్ర ప్రభుత్వం బాగా వెనకబడిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేర్చింది. పంచపట్‌మాలి గని ఉన్న కోరాపుట్‌ను, బొగ్గు గనుల కోర్బాను కూడా అదే జాబితాలో చేర్చింది. బాక్సైట్ తవ్వని విశాఖపట్నం జిల్లా కూడా, ప్రధానంగా తన ఏజెన్సీ మండలాల కారణంగా, ఆ జాబితాలోకి ఎక్కింది కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. తవ్విన చోటా తవ్వని చోటా వెనకబాటు ఒకే తీరుగా ఉందంటే, ఈ జబ్బుకు గని మందు కాదని ఆ జాబితాయే చెబుతోంది.

చిత్తూరు జిల్లావాళ్లం ఈ విషయంలో మాట్లాడటానికి మాకు సొంత కారణమూ ఉంది. మా సరిహద్దుకు ఆనుకునే కోలారు బంగారు గనులున్నాయి. 1902లో శివసముద్రం జలవిద్యుత్తు మొదట వెళ్లింది ఆ గనులకే. బెంగళూరు నగరం మరో మూడేళ్లు ఆగవలసి వచ్చింది. విద్యుత్తు తీగలు అంత దూరం లాగగలిగిన కాలంలో, గనుల్లోకి కూలీలను పంపిన పల్లెలు, అటు ఉత్తర ఆర్కాటు వైపువీ ఇటు కుప్పం వైపువీ, కిరసనాయిలు బుడ్డీలతోనే దశాబ్దాలు గడిపాయి. నూరేళ్లకు పైగా సాగిన తవ్వకాల్లో ఎనిమిది వందల టన్నులకు మించిన బంగారం బయటికి వెళ్లింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మిగిలినవి సైనైడ్ కలిసిన మట్టి దిబ్బలు, నీళ్లు నిండిన సొరంగాలు, పని వెతుక్కుంటూ తెల్లవారుజామునే బెంగళూరు రైలెక్కే వేలాది జనం. గుడుపల్లె మండలం చిగురుకుంట గని కూడా కోలారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ చేతిలోనే ఉండి, వాటితో పాటే మూతపడింది. ఈ ముగింపును దూరం నుంచి కాక పక్క ఊరి నుంచి చూసినవాళ్లకు గని ఇచ్చే హామీల ఆయుష్షు ఎంతో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

గనులు కావాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. విద్యుత్తు తీగలకు, వాహనాలకు అల్యూమినియం కావాలి. దామన్‌జోడి టౌన్‌షిప్పులో మంచి బడి, ఆసుపత్రి ఉన్నాయి. కొంతమంది స్థానికులకు ఉద్యోగాలు దొరికాయి. అడవిని అలాగే ఉంచి గిరిజనులను పేదరికంలో వదిలేయడం పట్నంవాళ్ల విలాసమని కొందరు గిరిజన యువకులే అంటున్నారు. ఈ చివరి మాటను నేను గౌరవిస్తాను. కానీ వారు కోరుతున్నది జీతం, చదువు, దారి. వాటిని కొండ ఇస్తేనే ఇస్తామనే షరతు వారు పెట్టినది కాదు, మనం పెట్టినది. ఒక విశాఖ నగరవాసిని రోడ్డు కావాలంటే నీ ఇంటి స్థలం ఇవ్వమని ఏ ప్రభుత్వమూ అడగదు.

షరతు లేకుండా దారి వేయవచ్చని రుజువూ ఉంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం అత్యంత వెనకబడిన ఆదిమ తెగల ఆవాసాలకు రోడ్లు మంజూరు చేస్తోంది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రారంభించిన ‘అడవి తల్లి బాట’ కింద 1,005 కోట్ల రూపాయల రోడ్ల పనులకు శ్రీకారం చుట్టారు. ఏ కొండా తవ్వకుండా ఆ డబ్బు వచ్చింది. పనుల నాణ్యతను, వేగాన్ని ఎంతైనా విమర్శించవచ్చు. డబ్బు లేదన్న సాకు మాత్రం ఇక చెల్లదు. ఆ దారుల మీద దిగివచ్చే సరుకు కూడా సిద్ధంగానే ఉంది. పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ, దాని నీడచెట్ల మీద మిరియాలు గిరిజన కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. బాక్సైట్ తీసిన కొండ మళ్లీ బాక్సైట్ ఇవ్వదు. కాఫీ ఏటా కాస్తుంది. ఆ కాఫీకి ఆధారమైన ఊటలు బాక్సైట్ పొర నుంచే పుడతాయి. కొండ నెత్తిన ఉన్న ఆ పొర వానను దూదిలా పీల్చుకుని ఎండాకాలం దాకా మెల్లగా వదులుతుంది. గోస్తని నదీ ఆ కొండల్లోనే పుట్టి, తాటిపూడి జలాశయం ద్వారా విశాఖ కుళాయిల దాకా వస్తోంది. మన్యం బాక్సైట్ అక్కడి గిరిజనుల సమస్య మాత్రమేనని విశాఖ అనుకుంటే అది దాని అమాయకత్వం.

చట్టం కూడా ఈ బేరానికి అడ్డుగానే ఉంది. అనంతగిరి మండలంలోని కాల్సైట్ లీజుల వివాదంలోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పునిచ్చింది. గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమిని లీజుకివ్వడం చెల్లదని, ప్రభుత్వ భూమికీ ఇదే వర్తిస్తుందని తేల్చింది. తవ్వకాలు సాగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం రోడ్లు, నీరు, బడి, వైద్యం కోసం శాశ్వత నిధిగా పెట్టాలని కూడా ఆ తీర్పు చెప్పింది. కొందరు ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రోడ్డుకు గని ముడి ఉందంటారు. అది తవ్వేవాడి మీద పెట్టిన కనీస బాధ్యతే కానీ, ప్రభుత్వం తన బాధ్యతను దులుపుకోవడానికి ఇచ్చిన సెలవు కాదు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ వద్దన్నాయి. ఊరి నోటితో ఆ మాట వచ్చాక ఎంత పెద్ద కంపెనీ అయినా వెనక్కి తగ్గవలసి వచ్చింది.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మన రాష్ట్రంలో ఏ ఊరికి ఏ దారి కావాలో నిర్ణయించే శక్తి ఆ ఊరికి లేదు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ పార్లమెంటు ఆమోదం పొంది మూడు దశాబ్దాలు దాటినా నిధుల కోసం పంచాయతీ చెయ్యి చాపి నిలబడవలసిందే. మన్యంలో షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టమైనా ఉంది. మా చిత్తూరు జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి ఆ అండ కూడా లేదు. కుప్పం గ్రీన్ గ్రానైట్ బ్లాకులు మోసుకెళ్లే లారీలు పల్లె రోడ్లను గుంతలు చేస్తాయి; సీనరేజి అనే ఖనిజ రుసుం మాత్రం ఖజానాకు పోతుంది. గనుల ప్రభావిత ప్రాంతాల కోసమే 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేశారు. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతం, వేలంలో పొందినవారు 10 శాతం ఆ నిధికి కట్టాలి. దాని ఖర్చును నిర్ణయించే చోట కలెక్టరు, ప్రజాప్రతినిధులు ఉంటారు. దుమ్ము పీల్చే ఊరి గ్రామసభ మాట చివరన వస్తుంది. 2024 జులైలో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఖనిజాలున్న భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 8:1 మెజారిటీతో తేల్చింది. ఢిల్లీ నుంచి అమరావతికి వచ్చిన ఆ అధికారంలో పంచాయతీకి దక్కే వాటా ఎంత అని ఒక్క పార్టీ అయినా తన మేనిఫెస్టోలో చెప్పాలి.

చిగురుకుంట–బిసానత్తం బంగారు గనుల హక్కును వేలంలో ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. బైలదిల్లాను దశాబ్దాలుగా తవ్వుతున్నదీ ఆ సంస్థే. కాబట్టి గుడుపల్లె మండల ప్రజలు అడగవలసినవి ఇప్పుడే, తొలి పేలుడుకు ముందే అడగాలి. ఊళ్ల మధ్య రోడ్లు గనితో సంబంధం లేకుండా పంచాయతీరాజ్ నిధులతో ముందే పూర్తి కావాలి. ప్రతి ఊరి బోరుబావుల నీటిమట్టం, నీటి నాణ్యత గని తెరవకముందే కొలిచి, ఆ లెక్కను పంచాయతీ గోడ మీద రాయాలి. ఖనిజ నిధి జమాఖర్చులు ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. గని మూతపడిన తరువాత దిబ్బల శుద్ధికి కావలసిన సొమ్మును మొదటి ఏడాదే డిపాజిట్ చేయించాలి. ఈ నాలుగింటికీ స్థానిక శాసనసభ్యుడి నుంచి జిల్లా గనుల అధికారి దాకా ఎవరెవరు ఒప్పుకుంటారో, ఎవరెవరు తప్పించుకుంటారో రాబోయే గ్రామసభ మినిట్స్ పుస్తకంలో పేరుపేరునా నమోదు చేయించాలి.