మా కారు మైలేజీ 22.9, బిల్లు ఉంది

శ్రీకాకుళంలో కారు కొన్నోడిని రంగేంటని ఎవడూ అడగడు, ఎంత పెట్టావన్నది కూడా రెండో ప్రశ్నే, మొదటిది మాత్రం "లీటరుకి ఎంతిస్తంది?" అనే. సెకండ్ హ్యాండ్‌లో 800 సీసీ చిన్న కారు తెచ్చి ఇంటి ముందు నిమ్మకాయలు తొక్కించానా, ఇంకా టైరు కింద తడి ఆరలేదు, ఎదురింటి మేష్టారు అడిగారు, పాలోడు అడిగాడు, ఆఖరికి కొబ్బరికాయ కొట్టిన పంతులుగారు కూడా హారతి పళ్ళెం పట్టుకునే అడిగారు. అందరికీ కంపెనీ కాగితంలో ఉన్న అంకె చెప్పేశాను, 22 అని.

మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, ఒక్కడే నమ్మలేదు. "కాగితం మీద ఇస్తాది బావా, రోడ్డు మీద 14 దాటిందంటే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఇలా పేరు మార్చుకుంటానని ఇప్పటికి ఓ ఆరేడు సార్లు అనుంటాడు, ఆధార్‌లో ఇంకా పాత పేరే ఉంది.

నిజానికి ఆ కాగితం అంకె అబద్ధమేం కాదు. పుణేలో ఏఆర్ఏఐ అని బళ్ళు టెస్టు చేసే సంస్థ ఉంది, అక్కడ కారుని రోడ్డెక్కించరు, రోలర్ల మీద ఎక్కిస్తారు, చక్రాలు తిరుగుతుంటాయి గానీ కారు ఉన్నచోటే ఉంటుంది, ఏసీ ఆపేసి, స్పీడు 90 దాటకుండా, మొత్తం కలిపి 20 నిమిషాల లోపు తిప్పి, పొగగొట్టంలోంచి వచ్చినదాన్ని కొలిచి ఎంత పెట్రోలు కాలిందో లెక్క కట్టేస్తారు. అక్కడ గేదెలు అడ్డం రావు, స్పీడ్ బ్రేకర్లుండవు, వెనక సీట్లో అత్తగారుండదు. ఇదంతా బావకి చెప్తే "మరి నువ్వు కూడా పుణేలోనే నడుపుకో" అన్నాడు. దాంతో 500 పందెం. వచ్చిన అంకె 14కి దగ్గరుంటే అతనిది, 22కి దగ్గరుంటే నాది.

పైడితల్లమ్మ సిరిమాను జాతరకి విజయనగరం ఎలాగూ వెళ్ళాలి, అక్కడ మా వదిన ఉంటుంది. 70 కిలోమీటర్ల చిల్లర, టెస్టుకి సరిపోద్ది. తొలేళ్ల రోజు, అంటే సిరిమానుకి ముందురోజు, పొద్దున్నే నేను, మా ఆవిడ, మా గుంటడు, బావ, అత్తయ్య బయల్దేరాం. పెద్ద కూతురికని అత్తయ్య 25 కిలోల బియ్యం బస్తా, అరడజను కొబ్బరికాయలు, చంటిపిల్లంత గుమ్మడికాయ డిక్కీలో పెట్టించింది. గుమ్మడికాయ వద్దని ఎంత చెప్పినా వినలేదు. "మనిషికి లేని బరువు కాయకొచ్చిందేటి బాబూ" అంది నా పొట్ట వైపు చూసి.

టౌన్ దాటకుండానే బంకులో ఫుల్ ట్యాంక్. గన్ టక్ మని కట్టయింది. ఇంకా పొయ్యమన్నాను. "ఆటో కట్ అయిపోయింది సార్, ఇంకా పోస్తే కారిపోద్ది" అన్నాడు కుర్రాడు. గాలి బుడగలుంటాయి, అవి పోతే గానీ లెక్క సరిగ్గా రాదు అని ఎక్కడో విన్నాను కదా, నేనొక పక్క బావొక పక్క నిలబడి కారుని పడవలా ఊపడం మొదలెట్టాం. లోపల కునుకు తీస్తున్న అత్తయ్య "ఓలమ్మో భూకంపం" అని కేకేసింది. మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, మేమెవరో తెలీనట్టు పక్కనున్న గాలి మిషన్ వైపు వెళ్ళి నిలబడింది. ఆ గాలి మిషన్ దగ్గరికి వెళ్ళాల్సింది నేను, ఆ సంగతి తర్వాత చెప్తాను. ట్రిప్ మీటర్ సున్నా నొక్కి బయల్దేరాం.

హైవే మీద 50 దాటనివ్వలేదు. స్పీడు పెరిగేకొద్దీ గాలి వెనక్కి నెట్టడం అంతకంత పెరిగిపోతుంది, చిన్న బళ్ళకి టాప్ గేర్లో 50, 60 మధ్యే లాభం, ఇది నిజమే. గాలి లోపలికొచ్చినా బండిని ఆపుతుందని అద్దాలెత్తేశాను, ఏసీ వేస్తే పెట్రోలు తాగుద్దని అదీ వెయ్యలేదు. (అద్దాల గొడవ 80 పైన స్పీడులో పోయేవాళ్ళకి, 50లో దించుకున్నా ఏం కాదని తర్వాత తెలిసింది.) ఎచ్చెర్ల వచ్చేసరికి లోపల అందరం ఆవిరి కుడుముల్లా తయారయ్యాం.

"బాబూ ఈ కారుకి ఏసీ నేదేటి?"

"ఉంది అత్తయ్యా."

"మరేల ఎయ్యవు?"

"టెస్టు అత్తయ్యా."

"నాకా?"

లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి, ఆర్టీసీ బస్సు దాటిపోయింది, అవి సరే, డప్పులోళ్ళని ఎక్కించుకున్న ఆటో ఒకటి వాయించుకుంటూ మరీ దాటిపోయింది, మా గుంటడు వాళ్ళకి టాటా చెప్పాడు. చిలకపాలెంలో అత్తయ్యకి టీ కావాలంది, దిగింది, అక్కడ చిన్నప్పటి స్నేహితురాలు కనపడింది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. వాళ్ళు నలుగురు పిల్లల పెళ్ళిళ్ళు, రెండు మోకాళ్ళ ఆపరేషన్లు మాట్లాడుకునేసరికి 20 నిమిషాలు.

ఆ తర్వాత నా అసలు టెక్నిక్. ఆరు లైన్ల రోడ్డయ్యాక ఊరికో ఫ్లైఓవర్ కదా, ఎక్కేటప్పుడు గేరు, దిగేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్, కింద మళ్ళీ క్లచ్ తొక్కి గేరు. రణస్థలం, పైడిభీమవరం, పూసపాటిరేగ, ఎక్కడ చిన్న పల్లం కనిపించినా న్యూట్రలే, బావ లెక్కపెట్టడం మానేసి నిద్రపోయాడు. నాతవలస దగ్గర హైవే దిగి విజయనగరం రోడ్డెక్కామో లేదో కాలి కింద టప్ మంది. పెడల్ నేలకి అంటుకుపోయి మరి పైకి రాలేదు. బండి న్యూట్రల్లోనే ఉంది కాబట్టి దొర్లుకుంటూ వెళ్ళి ఓ తాటిచెట్టు కింద ఆగింది. ట్రిప్ మీటర్ 51.

క్లచ్ కేబుల్ తెగింది. వదినకి ఫోన్ చేస్తే ఆవిడ తెలిసిన మెకానిక్‌కి చెప్పింది, అతను ఖాళీగా ఉన్న ఓ కొబ్బరికాయల వ్యాన్ పంపించాడు. వ్యాన్ డ్రైవరు తాడు కడుతూ "సార్, కీ ఆన్‌లో పెట్టండి, లేపోతే స్టీరింగ్ లాకైపోద్ది, ఇంజన్ నడవదు కాబట్టి బ్రేకు గట్టిగా తొక్కాలి" అని చెప్పాడు. బావ వ్యాన్ ముందు సీటెక్కేశాడు, అందులో ఏసీ లేకపోయినా కిటికీలు తెరవనిస్తారు. వెనక మేం నలుగురం, గుమ్మడికాయ. ఆ 18 కిలోమీటర్లు బ్రేకు మీద నిలబడి వచ్చాను, కాలు ఇప్పటికీ లాగుతుంది. దిగాక డ్రైవరు "మీ కారు కట్టాక నా బండి మైలేజీ పడిపోనాది సార్" అని డీజిల్‌కి పైన ఇంకో 200 తీసుకున్నాడు. అతనికి కూడా మైలేజీయే.

మెకానిక్ తెగిన కేబుల్ నా చేతిలో పెట్టాడు. పోగులు ఒక్కోటి ఒక్కో చోట విడిపోయి చీపురులా ఉంది. "ఎప్పట్నుంచో అరిగుంది సార్, మీ తొక్కుడుకి ఆఖరి పోగు పోయింది. ఏల అన్నిసార్లు తొక్కారు?" అన్నాడు. న్యూట్రల్ సంగతి చెప్పాను. అతను నవ్వలేదు, అదే బాధ. "న్యూట్రల్లో దిగితే ఇంజన్ ఆరిపోకుండా పెట్రోలు తాగుతానే ఉంటాది సార్. గేర్లోనే ఉంచి యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తే, ఇంజెక్షన్ బండి కదా, పెట్రోలు పూర్తిగా కట్ చేసేస్తాది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి." చిలకపాలెం టీ సంగతి కూడా చెప్పేశాను, ఎలాగూ పరువు పోయింది కదా అని. అది పాత కార్బరేటర్ బళ్ళ కాలం మాటంట, ఇప్పటి బండి నిమిషం ఆగినా ఆపేసుకోవడమే లాభమంట. ఆ తర్వాత టైర్లలో గాలి చూశాడు. 30 ఉండాలి. 22 ఉంది. నేను కంపెనీ 22 ఇస్తానంది అంటుంటే ఇన్నాళ్ళూ ఈ 22 గురించేమో అని బావ.

కేబుల్ వేయించుకుని, రెండు కిలోమీటర్ల దూరంలో బంకుకి వెళ్ళి, మళ్ళీ టక్ మనేదాకా, మళ్ళీ ఊపి (ఈసారి అత్తయ్య ముందే దిగిపోయింది) నింపితే 3.1 లీటర్లు. ట్రిప్ మీటర్ 71. ఫోన్ తీసి భాగించాను. 22.9.

బంకులోనే అరిచాను. బిల్లు మీద పెన్నుతో రాసి చూపించాను. బావ మొహం మాడిపోయింది, ఇథనాల్ అన్నాడు, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం అదే కలుపుతున్నారు, దానికి పెట్రోలంత సత్తువ ఉండదు, లీటరుకి మూడో వంతు తక్కువ, అది కలిపాక కూడా ఇంతొచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది అన్నాడు. తేడా లేదు డబ్బులియ్యి అన్నాను. పర్సు తీశాడు, 500 నోటు బయటికొచ్చింది, నా వేళ్ళు దాని అంచు పట్టుకున్నాయి కూడా.

అత్తయ్య విసురుకుంటూ మెల్లిగా అడిగింది, "అయితే బాబూ, ఆ కొబ్బరికాయల వ్యాన్ లాక్కొచ్చింది కూడా మన కారు మైలేజీలోకే వస్తాదేటి?"

నోటు వెనక్కి పోయింది. కీ ఆన్‌లో పెట్టించాడు కదా, మీటర్ తిరుగుతానే ఉంది. మా ఆవిడ ఎప్పుడు తీసిందో ఫోన్ తీసి, 71లో 18 తీసేసి, 53ని 3.1తో భాగించి "17.1" అని చదివింది, చదివి ఊరుకోకుండా 14కి తేడా 3.1, 22కి తేడా 4.9 అని కూడా చదివింది. నా 500, వ్యాన్ డబ్బులు, కేబుల్, అన్నీ కలిపితే ఆ రోజు మేం అద్దె కారులో ఏసీ వేసుకుని వచ్చేవాళ్ళం. సిరిమాను మాత్రం బాగా చూశాం.

మొన్న ఆఫీసులో ఒకాయన చిన్న కారు కొనాలనుకుంటున్నాడు, నీది లీటరుకి ఎంతిస్తంది అని అడిగాడు. 22.9 అన్నాను. నమ్మనట్టు చూస్తే పర్సులోంచి బిల్లు తీసి చూపించాను.