బెర్లిన్‌లో పరుగు, ఇంటి ముందు కారు

"అక్కడి రోడ్లు చూడాలండీ!"

దసరా సెలవుల్లో విదేశానికి వెళ్లి మారథాన్ పరుగెత్తి వచ్చిన పెద్దమనిషి మొదట అనే మాట ఇదే. పతకం సంగతి తరవాత వస్తుంది, మోకాలి సంగతి ఆ తరవాత. విన్నవాళ్లు తల ఊపాలి. ఊపకపోతే మళ్లీ చెబుతారు కాబట్టి ఊపడమే క్షేమం. మీకూ ఇలాంటి మహానుభావుడు ఒకరు తెలిసే ఉంటారు. ఇప్పుడు అపార్ట్‌మెంటుకు ఒకరు చొప్పున ఉన్నారు. మా అపార్ట్‌మెంటు వీరుడు 2025లో బెర్లిన్ వెళ్లివచ్చారు. ఆయన కీర్తిని నమోదు చేయడం నా బాధ్యతగా భావించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బెర్లిన్ పరుగు సామాన్యమైనది కాదు. 1974లో మొదటిసారి పెట్టినప్పుడు పూర్తి చేసినవారు 244 మంది. ఇప్పుడు 50,000 మందికి పైగా నగరం నడిబొడ్డున పరుగెడుతున్నారు. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 2022లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించిన దారి అది, చేత్తో రాసినట్టు చదునుగా ఉంటుంది. అంత దూరం పోవడం దేనికి, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లోనే పరుగెత్తవచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. ఇక్కడైతే ఫ్లైఓవర్లు ఎక్కాలి, ఉక్కపోతలో తడిసిపోవాలి, రోడ్డు మూసేశారని హారన్ మోగించే వాహనదారుల తిట్లు తినాలి. తాను పరుగెత్తని ఏడాది ఆ తిట్టేవాళ్లలో మా వీరుడూ ఉంటారు. పాల ప్యాకెట్టుకు కూడా కారు తీసే మనిషికి రోడ్డు మూస్తే కోపం రాదా?

పరుగు 42 కిలోమీటర్లతో ఆగక ఆ పైన 195 మీటర్లు ఎందుకని ఆయన్ను ఎవరూ అడగకండి, గంటసేపు చెబుతారు. నేను క్లుప్తంగా చెబుతాను. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగిసేలా ఏర్పాటు చేశారు. ఆ దూరమే 1921లో ప్రపంచానికంతా ఖాయమైంది. అంటే దొరగారి కుర్చీ ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి మా వీరుడి తొడ కండరాలు ఈనాటికీ పట్టేస్తున్నాయి.

ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పను. పరుగులో చోటుకు తీసే లాటరీలో పేరు రాకపోతే హోటలు గదితో కలిపి ఛాతీకి పెట్టుకునే నంబరును కూడా అమ్మే టూర్ కంపెనీలున్నాయి. జర్మనీ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసాకు 90 యూరోలు. లోపల కార్బన్ పలక ఉన్న బూట్లు. హోటలు గదిలోకి రహస్యంగా చేరే రైస్ కుక్కరు. సాధనకు మాత్రం మన కేబీఆర్ పార్కే. అక్కడికి ఆయన కారులో వెళతారు. పరుగెత్తడానికి కారులో వెళ్లడమేమిటని నవ్వకండి, దారిలో నడవడానికి చోటు లేదని ఆయనే చెప్పారు.

పిల్లలు దసరాకు అమ్మమ్మగారి ఊరు వెళ్లాలి. వాళ్లను కూడా బెర్లిన్ తీసుకెళ్లారు, "సపోర్టు"కు. సపోర్టు అంటే ఏమిటో ఆ ఇల్లాలు చెబుతుంటే విన్నాను. పొద్దున్నే లేచి, జెండా పట్టుకుని, భూగర్భ రైలెక్కి, తెలియని స్టేషనులో దిగి, జనంలో మోచేతులతో దారి చేసుకుని నిలబడాలి. భర్త ఎక్కడున్నాడో ఫోనులో ఒక చుక్క చూపిస్తుంది. చుక్క దగ్గరికి వస్తోంది. వచ్చేసింది. ఎదురుగా వెళుతున్నవాళ్లంతా ఒకే రంగు బనియన్లలో ఉన్నారు. చిన్నవాడు "నాన్నా!" అని గొంతు చించుకున్నాడు. ఎవరో మీసాలాయన సంతోషంగా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆయన నాన్న కాదు. ఈలోగా చుక్క ముందుకు సాగిపోయింది. మళ్లీ రైలు, మళ్లీ జెండా. సెలవులన్నిటిలో వాళ్లు కుటుంబమంతా కలిసి చూసిన బెర్లిన్ ఇదే. ఆ పైన ఆ రోజు పాతిక డిగ్రీల ఎండ కాసిందట. మే నెల హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి ఆ ఎండకు సొమ్మసిల్లబోయారని విని మేమంతా చలించిపోయాం.

తిరిగి వచ్చాక సన్మానం. సెల్లారులో కుర్చీలు వేశారు. వీరుడి ఫ్లాటు మూడో అంతస్తులో, ఆ సాయంత్రం లిఫ్టు పని చేయలేదు. మారథాన్ పరుగెత్తిన కాళ్లు మెట్లు ఎలాగో ఎక్కుతాయి గానీ దిగమంటే మొరాయిస్తాయి. వెనక్కి తిరిగి దిగితే కాస్త నయమట. అందుకని అసోసియేషన్ అధ్యక్షులు మైకులో "ఇదిగో, వచ్చేస్తున్నారు" అని ప్రకటించగానే మాకు మొదట దర్శనమిచ్చింది వీరుడి వీపు. ఒక చెయ్యి రెయిలింగు మీద, రెండో చేత్తో పతకం గోడకు తగలకుండా పట్టుకున్నారు. మెట్టుకొక "అమ్మా". చప్పట్లు కొట్టాలో, వెళ్లి పట్టుకోవాలో ఎవరికీ అర్థం కాలేదు. సమయం గడపడానికి అధ్యక్షులు 1990లో రెండు జర్మనీలు కలవడానికి కొద్ది రోజుల ముందు ఈ పరుగు, ఒకప్పుడు బెర్లిన్ గోడతో మూతపడ్డ బ్రాండెన్‌బర్గ్ గేటు గుండా సాగిన వైనం చెప్పారు. అదయ్యేసరికి వీరుడు ఇంకా మొదటి అంతస్తులోనే ఉన్నారు. ఎట్టకేలకు వచ్చి కూర్చున్నారు. కూర్చోవడానికి ఇద్దరు సాయం పట్టారు. శాలువా కప్పితే పతకం కనిపించకుండా పోయింది. పైకి తీసి వేసుకున్నారు. రెండో శాలువా కప్పారు, మళ్లీ తీసి వేసుకున్నారు. మూడోది పట్టుకొచ్చిన కోశాధికారిని చూపుతోనే ఆపారు.

అప్పుడు మైకు అందుకుని అన్నారు: "అక్కడి రోడ్లు చూడాలండీ! 42 కిలోమీటర్లలో ఒక్క కారు అడ్డం రాలేదు. ఎక్కడ చూసినా ఫుట్‌పాత్‌లు. ముసలివాళ్లు, పిల్లలు హాయిగా నడుస్తారు. మన జనానికి ఆ క్రమశిక్షణ ఎప్పుడు వస్తుందో!"

కార్లు రాలేదు, ఎందుకంటే ఆ రోజు రానివ్వలేదు. అది సరే. మరి ఫుట్‌పాత్ సంగతో?

ఆయన పరుగెత్తిన ఆ సెప్టెంబరు 21న ఇక్కడ ఎంగిలిపూల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండగ మొదటి రోజు. చీకటి పడే వేళ, బెర్లిన్‌లో ఈయన ఇంకా పరుగెడుతున్న వేళ, మా వెనక బస్తీ ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను తాంబాళాల్లో ఎత్తుకుని గుడికి బయలుదేరారు. మా గేటు దాకా ఫుట్‌పాత్ మీద నడిచారు. అక్కడ వెండిరంగు ముసుగు కప్పుకుని ఒక కారు నిలిచి ఉంది. వీరుడి రెండో కారు. సెల్లారులో ఫ్లాటుకు ఒక్క చోటే కాబట్టి అది ఏళ్ల తరబడి అక్కడే కాపురముంది. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, తలమీద పూలతో, రోడ్డు మీదికి దిగారు. ఒక బస్సు వాళ్లను ఒరుసుకుంటూ పోయింది. ఒకావిడ తాంబాళం జారి గునుగు పూలు తారు మీద పడ్డాయి. వంగి ఏరుకోవడానికి కూడా వీల్లేదు, వెనక ఆటో హారన్.

ఏమయ్యా, క్రమశిక్షణ నేర్చుకోవలసింది వాళ్లా? 2022లో ఈ దేశపు రోడ్ల మీద చచ్చిపోయిన పాదచారులు 32,825 మంది. కేంద్ర రవాణా శాఖే చెప్పిన లెక్క. బెర్లిన్‌లో నీతో పాటు పరుగెత్తడానికి నిలబడ్డ గుంపులో సగం కంటే ఎక్కువ. వాళ్లెవరూ పతకం కోసం రోడ్డెక్కలేదు. పనికి, బడికి, మందుల షాపుకు పోతూ ఎక్కారు. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. కోర్టు చెప్పవలసి వచ్చిందంటేనే సిగ్గుతో చావాలి. కార్పొరేషన్ సంగతి చెప్పనక్కరలేదు: ఫుట్‌పాత్ వేస్తుంది, దాని మధ్య ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు, మిగిలినదాన్ని నీలాంటివాళ్లకు వదిలేస్తుంది. కానీ ఆ కారుకు తాళం కార్పొరేషన్ దగ్గర లేదు, నీ జేబులో ఉంది.

సరే, కోపం ఆరోగ్యానికి మంచిది కాదు. శుభవార్తతో ముగిస్తాను. బెర్లిన్, చికాగో లాంటి ఆరు మహా మారథాన్‌లు పూర్తి చేస్తే, పరుగుకొక నక్షత్రం చొప్పున లెక్కగట్టి ప్రత్యేక పతకం ఇస్తారు. 2025లో సిడ్నీని కూడా ఆ జాబితాలో చేర్చారు కాబట్టి పోగేసుకోవడానికి నక్షత్రాలు పెరిగాయి. మా వీరుడు పంచాంగం, పరుగుల పట్టిక పక్కపక్కన పెట్టుకుని చూశారు. 2026లో పెత్రమాస, అదే ఎంగిలిపూల బతుకమ్మ రోజు, అక్టోబరు 10న వస్తోంది, చికాగో పరుగు మర్నాడే. ముహూర్తం కుదిరింది. దసరా నాడు రెండో కారుకు నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి అక్కడే పగలగొట్టి, కాపలాదారును పిలిచి వచ్చే ఏడాది తాను ఊళ్లో లేనప్పుడు ఆ చోట్లో ఇంకెవరూ బండి పెట్టకుండా చూడమని గట్టిగా చెప్పారు. ఈ ఊళ్లో జనానికి బొత్తిగా క్రమశిక్షణ లేదట.