రెండో బాంబు ఎందుకు?

2025 మే మొదటి వారం. పాకిస్తాన్‌తో యుద్ధం ఎంత దూరం పోతుందోనని జనమంతా టీవీలకు అతుక్కుపోయిన రోజులు. విశాఖలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ కూడా చేశారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే పక్కన ఇద్దరు అదే మాట్లాడుకుంటున్నారు. "అణుబాంబు మనం ముందు వెయ్యమని ఎప్పుడో మాటిచ్చేశాం కదా" అన్నాడు ఒకాయన. రెండో ఆయన గ్లాసు పక్కన పెట్టి, "సరే, ఆళ్లు ముందేస్తే? మనం సూస్తూ కూకోవాలేటి?" అన్నాడు. మొదటాయన తడుముకున్నాడు. నన్నడిగినా ఆ రోజు అంతే.

అణుబాంబు మీద నీతి చర్చ ఎప్పుడు మొదలైనా నేరుగా హిరోషిమాకు పోతుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికి రెండు ఊళ్లలో కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారని అంచనా. బాంబు వెయ్యకుండా జపాన్ మీదకు దండెత్తి ఉంటే ఒక్క అమెరికా వైపే పది లక్షల మందికి పైగా చావడమో గాయపడడమో జరిగేదని, నాటి యుద్ధమంత్రి స్టిమ్సన్ 1947లో సమర్థించుకున్నాడు. అంతకు ముందు ఏడాదే అమెరికా ప్రభుత్వం వేసిన బాంబింగ్ సర్వే మాత్రం, ఆ బాంబులు లేకపోయినా 1945 డిసెంబరు 31లోపు జపాన్ లొంగిపోయి ఉండేదని తేల్చింది. ఎనభై ఏళ్లుగా ఈ లెక్కల పేచీ తెగలేదు. తెగదు కూడా. లెక్క వేసేవాడు ఎప్పుడూ ఆ లెక్కలో ఉండడు. అదే స్టిమ్సన్ పాత రాజధాని అన్న గౌరవంతో క్యోటో పేరు బాంబు వెయ్యాల్సిన ఊళ్ల జాబితాలోంచి కొట్టేయించాడు. నాగసాకి మీద పడిన బాంబు అసలు కోకురా మీద పడాల్సింది. అక్కడ కిందేమీ కనిపించక విమానం దారి మార్చుకుంది. ఒక ఊరు మంత్రిగారి అభిరుచి వల్ల, ఇంకో ఊరు మబ్బు వల్ల బతికాయి. దీనికి ధర్మయుద్ధం అని ఎవరు పేరు పెట్టినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జపాన్ నాయకుల యుద్ధ నేరాల మీద జరిగిన టోక్యో విచారణలో కూర్చున్న మన జడ్జి రాధాబినోద్ పాల్ 1948లోనే ఆ మాట గట్టిగా రాసి పెట్టాడు.

కానీ హిరోషిమా మొదటి బాంబు కథ. బాంబు ఒక్కరి దగ్గరే ఉన్న రోజుల కథ. టీ కొట్టు దగ్గర ఆయన అడిగింది రెండో బాంబు గురించి, అంటే మన మీద ఒకటి పడ్డాక మనం తిరిగి వేసే బాంబు గురించి. మన దేశానికి వర్తించేది ఆ ప్రశ్నే.

అది మన ఉత్తరాంధ్ర జిల్లాలకు మరీ దగ్గరి ప్రశ్న. (కొవ్వాడలో కట్టదలచిన అణు విద్యుత్ కేంద్రం గురించి కాదు. రణస్థలం వైపు 'అణు' అన్న మాట ఎత్తితే చాలు, భూసేకరణ, పరిహారం ముచ్చట మొదలవుతుంది. అది వేరే గొడవ.) 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని చుట్టుపక్కల పల్లెలకు పరుగెత్తారు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో మా ఇంటి అరుగు మీద రెండు కుటుంబాలు దిగాయని, అందులో ఒకావిడ తులసి మొక్కను మట్టి కుదురుతో సహా పెకలించి బండిలో తెచ్చుకుందని మా నాన్నమ్మ చెప్పేది. జపానోడి బాంబు అంటే మా ఇంట్లో ఆ తులసి మొక్కే గుర్తు.

ఇప్పుడు అదే విశాఖలో అణు జలాంతర్గాములు తయారవుతున్నాయి. అరిహంత్ 2009లో అక్కడే నీళ్లలోకి దిగింది. 2024 ఆగస్టులో అరిఘాత్ నౌకాదళంలో చేరింది. వీటి పని ఏమిటో అర్థం చేసుకోవాలి. శత్రువు మొదటి దెబ్బకు నేల మీద ఉన్నదంతా పోయినా, సముద్రం అడుగున దాక్కుని ఉండి తిరిగి కొట్టడం. అంటే రెండో బాంబు కోసమే కట్టినవి. విజయనగరం నుంచి విశాఖ రైల్లో గంట ప్రయాణం. 1942లో విశాఖవాళ్లు మన పల్లెలకు పారిపోయి వచ్చారు. ఈసారి మన పల్లెలూ ఆ లెక్కలోనే ఉంటాయి.

2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన అణు విధానంలో రెండు భాగాలున్నాయి. మనం ముందుగా అణ్వాయుధం వాడం అన్నది మొదటిది. దీన్ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. మన మీద ఎవరైనా వేస్తే మాత్రం భారీగా, శత్రువు భరించలేనంత నష్టం జరిగేలా తిరిగి కొడతాం అన్నది రెండోది. ఆ నిర్ణయం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిది. ఈ రెండో భాగం మీద మన పత్రికల్లో, టీవీల్లో చర్చ నేను చూసింది చాలా తక్కువ.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలికైనదేమీ కాదు. తిరిగి కొడతామన్న భయం ఉంటేనే ఎదుటివాడు ఆగుతాడు. ఆ భయం నిజం కావాలంటే బెదిరింపు నిజం కావాలి. నాగసాకి తర్వాత ఇంతవరకు ఎవరూ ఏ యుద్ధంలోనూ అణుబాంబు వెయ్యలేదు, అందులో ఈ భయం వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ బెదిరింపు ఉన్నదే మొదటి బాంబు పడకుండా ఆపడానికి. పడిందంటే అది ఓడిపోయినట్టే. ఆ క్షణం తర్వాత రెండో బాంబుతో మన ఊరేమీ తిరిగి రాదు. కరాచీలోనో లాహోర్‌లోనో బడికి బయల్దేరిన పిల్లలు తమ సైన్యాధికారి మీట నొక్కమని చెప్పలేదు. ఇక మిగిలేది పగ.

బ్రిటన్‌లో ప్రతి ప్రధానమంత్రీ పదవిలోకి రాగానే సొంత చేత్తో ఒక ఉత్తరం రాసి, అణు జలాంతర్గాముల్లో ఒక్కోదానికి ఒక్కో ప్రతి పంపాలి. దేశమే లేకుండా పోతే ఏం చెయ్యాలో కెప్టెన్‌కు ఆదేశం అందులో ఉంటుంది. పదవి దిగిపోయాక విప్పకుండానే వాటిని నాశనం చేస్తారు. తిరిగి కొట్టమని రాశారో, ఊరుకోమని రాశారో బయటికి రాదు. కనీసం అక్కడ ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు రాయాల్సి వస్తుంది. ఊరుకోమని రాయడం కూడా ఒక జవాబేనని ఆ వ్యవస్థే ఒప్పుకుంటుంది.

మనకు మాత్రం ఈ ప్రశ్న కొత్తదా? ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన గడ్డ మీద హరికథ విన్నవాళ్లకు సౌప్తిక పర్వం చెప్పక్కర్లేదు. యుద్ధం అయిపోయింది, దుర్యోధనుడు పడిపోయాడు, ఇక గెలిచేదేమీ లేదు. అప్పుడు అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి, ఆ తర్వాత బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. అర్జునుడు తన అస్త్రం వదిలాడు, అదీ అవతలి దాన్ని చల్లార్చడానికని చెప్పి మరీ. వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడి ఇద్దర్నీ వెనక్కి తీసుకోమన్నారు. వెనక్కి తీసుకున్నది అర్జునుడు. గమనించండి, పిల్లల్ని పోగొట్టుకున్న వైపు వాడు అర్జునుడే. అశ్వత్థామకు వదలడం తెలుసు, ఆపడం తెలియదు. ఆ అస్త్రం చివరికి ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీదకు పోయింది. బ్రహ్మశిరాన్ని ఇంకో మహాస్త్రంతో కొట్టిన దేశంలో పన్నెండేళ్లు వాన పడదని కూడా వ్యాసుడు అక్కడే అంటాడు. భారత్, పాకిస్తాన్ అణుయుద్ధానికి దిగితే ఆ మసి ఆకాశాన్ని కప్పి, పంటలు పోయి, ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలితో చచ్చే ప్రమాదం ఉందని 2022లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. పురాణాల్లో సైన్స్ వెతికే అలవాటు నాకు లేదు. కానీ ఆ పన్నెండేళ్ల మాట ఊరికే రాసింది కాదనిపిస్తుంది.

"అయితే పౌరుషం లేదా?" అంటారు. పౌరుషం గురించి మన జిల్లాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకున్నారు. తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును పొడిచి చంపాడు. ఆ ఘట్టం పాడుతుంటే ఇప్పటికీ జనం ఊగిపోతారు. (విజయనగరంలో కూర్చుని ఈ కథ చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పాలి, అది వేరే సంగతి.) పాపారాయుడిది పగే, అందులో సందేహం లేదు. కానీ ఆయన విజయనగరం ఊరికి నిప్పు పెట్టలేదు. అక్కడి పసిపిల్లల జోలికి పోలేదు. ఎవరి మీద కోపమో వాడి మంచం దగ్గరికే వెళ్లాడు. మనం రెండున్నర శతాబ్దాలుగా పాడుకుంటున్న ప్రతీకారం అది. జలాంతర్గామి నుంచి లేచే క్షిపణికి డేరా తెలియదు, మంచం తెలియదు.

చట్టం ఏమంటుందంటే, అదీ సగమే చెప్పింది. 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం అణ్వాయుధ వాడకం మామూలుగా యుద్ధ నియమాలకు విరుద్ధమేనంది. దేశం ఉనికికే ముప్పు వచ్చిన చివరి దశలో మాత్రం తప్పో ఒప్పో తేల్చలేమంది. జడ్జీలు ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. కోర్టు అధ్యక్షుడి అదనపు ఓటుతో ఆ సలహా అభిప్రాయం నెగ్గింది. శ్రీలంక జడ్జి వీరమంత్రి ఒప్పుకోలేదు. అర్జునుడు పాశుపతాస్త్రం వాడకుండా ఆపుకున్న సంగతిని ఆయన తన అసమ్మతి తీర్పులో ఉదాహరించాడు.

ఇక బాంబు పడ్డాక సహాయం సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. వస్తుందని ముందే తెలుసు, ఏ రోజు వస్తుందో కూడా తెలుసు. అయినా ఉద్దానంలో కరెంటు కోసం, తాగునీటి కోసం జనం ఎన్ని రోజులు రోడ్డెక్కారో పలాస, వజ్రపుకొత్తూరు వాళ్లను అడగండి. కూలిన కొబ్బరి చెట్టు స్థానంలో వేసిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అణుబాంబు పడితే ఆదుకునే శక్తి ఏ దేశానికీ, ఏ సంస్థకూ లేదని రెడ్‌క్రాస్ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. తిత్లీ చూసినవాడికి అది వేరే చెప్పాలా?

కాబట్టి ఆ రెండో ఆయనకు నా జవాబు ఇది: ఊళ్ల మీద వెయ్యకూడదు. వాళ్లు ముందు వేసినా సరే. ఇలా పైకి అంటే బెదిరింపు బలం తగ్గుతుందని నాకు తెలుసు. ఏ ప్రధానీ ఈ మాట మైకు ముందు అనలేడు, అనమని నేను అడగడం లేదు. నా వ్యాసం చదివి పాక్ సైన్యం కేంద్రమైన రావల్పిండిలో ఎవరూ ధైర్యం తెచ్చుకోరు గనక నేను అనగలుగుతున్నాను. కానీ 2003 నాటి ఆ 'భారీగా' అన్న మాట శాసనం కాదు, మార్చలేనిదీ కాదు. ఆ భారీతనం ఎవరి మీద, ఊళ్ల మీదా, సైనిక స్థావరాల మీదా అని మన జిల్లాల ఎంపీలు పార్లమెంటులో ఒక్క ప్రశ్న వెయ్యొచ్చు. గంట దూరంలో జలాంతర్గాములను పెట్టుకుని బతుకుతున్న ఓటర్ల తరఫున.